విదేశం వెళ్ళే ముందు ఇల్లు ఖాళీ చేయడం: ఎనిమిది వారాల్లో, వరసగా

"వీసా వచ్చేసింది, టికెట్లు కొన్నాం, ఇంట్లో సామాన్లు ఏం చేయాలో తెలియడం లేదు" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. హైదరాబాద్‌లో అద్దెకున్న రెండు బెడ్‌రూముల ఫ్లాట్, భార్యాభర్తలు, బడికెళ్ళే ఒక పాప. వెళ్ళేది అమెరికా. ఆస్ట్రేలియా, కెనడాలకు తేడా ఉన్నచోట చెప్తాను. మీది విజయవాడ అయినా విశాఖ అయినా పద్ధతి ఇదే.

ఈ పని చెడిపోయేది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక్క మాట దగ్గరే: "ప్రస్తుతానికి అమ్మావాళ్ళింట్లో పెట్టేద్దాం, తర్వాత చూద్దాం." ఆ తర్వాత ఎప్పటికీ రాదు. డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళు మీ సోఫా చుట్టూ తిరిగి నడుస్తుంటారు. అందుకే కింద చెప్పిన వరసంతా ఆ దారిని వీలైనంత ఇరుకు చేయడానికే.

1. సామాను ముట్టుకోక ముందు మూడు లెక్కలు

*బరువు.* అమెరికా టికెట్ మీద ఎకానమీలో సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. ముగ్గురికి ఆరు పెట్టెలు, 138 కిలోలు. పెట్టె ఖాళీ బరువే నాలుగైదు కిలోలు ఉంటుంది కాబట్టి మీ చేతిలో మిగిలేది దాదాపు 110 కిలోలు. తక్కువ ధర టికెట్లలో ఒక్క పెట్టే ఇచ్చేవి ఉంటాయి. మీ టికెట్ మీద ఏం రాసి ఉందో చూసుకోండి, పక్కింటివాళ్ళు చెప్పింది కాదు.

*కరెంటు.* మన దగ్గర 230 వోల్టులు. అమెరికా, కెనడాల్లో 120. మిక్సీ, గ్రైండర్, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ అక్కడ పనిచేయవు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుదాం అనుకుంటే, దాని బరువుకి ఇంకో పెట్టె కావాలి. ఆస్ట్రేలియా, బ్రిటన్ వెళ్ళేవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు, ప్లగ్గు మారితే చాలు. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్ల మీద "100–240" అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తాయి.

*కాలం.* ఏడాది, రెండేళ్ళలో తిరిగొచ్చేది ఖాయమైతే మంచి ఫ్రిజ్, బీరువా ఉంచుకోవడంలో అర్థం ఉంది. అంతకు మించితే లేదు. వాడకుండా మూలన పడున్న ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ పాడవకుండా ఉంటాయని ఆశపడొద్దు.

ఓడలో పంపడం గురించి కూడా ఇక్కడే తేల్చుకోండి. షిప్పింగ్‌వాళ్ళు ఘనపు మీటర్ల లెక్కన డబ్బు తీసుకుంటారు. సామాను చేరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కంపెనీ ఖర్చు పెట్టుకుంటే, లేదా పుస్తకాలు, వీణ లాంటివి అక్కడ దొరకనివి ఎక్కువుంటే పంపండి. సోఫా కోసం మాత్రం వద్దు. పంపేటట్లయితే ప్రతి డబ్బాలో ఏముందో విలువతో సహా జాబితా ఉండాలి. ఏడాదికి పైగా మీరు వాడిన ఇంటి సామానుకు అమెరికాలో సుంకం ఉండదు, 3299 నంబరు ఫారం నింపాలి. కెనడా వెళ్ళేవాళ్ళు వెనక రాబోయే సామాన్ల జాబితాను మొదటిసారి దిగిన రోజే అక్కడి అధికారులకు ఇవ్వాలి. ఆస్ట్రేలియాలో చెక్క, గడ్డి, వెదురు వస్తువులను జీవభద్రత కోసం తనిఖీ చేస్తారు, అనుమానం వస్తే శుద్ధి ఖర్చు మీదే.

2. నాలుగు దారులు, ఒక జాబితా

ప్రతి వస్తువుకీ దారి నాలుగింటిలో ఒకటి: వెంట, అమ్మకం, ఇచ్చెయ్యడం, ఊళ్ళో ఉంచడం. "తర్వాత ఆలోచిద్దాం" అనే అయిదో దారి లేదు.

నాలుగు రంగుల స్టిక్కర్లు కొనండి. ఫోన్‌లో ఒక షీట్ తెరిచి వస్తువు, దారి, ఎవరికి, ఏ తేదీన అని నాలుగు గళ్ళు పెట్టండి. తేదీ గడి ఖాళీగా ఉందంటే ఆ వస్తువు గురించి మీరింకా ఏమీ నిర్ణయించనట్టే.

ఊళ్ళో ఉంచే సామానుకు కొలత ముందే పెట్టుకోండి. ఒక బీరువా, లేదా రెండు ట్రంకు పెట్టెలు. అంతకు మించి ఒక్క సంచి కూడా కాదు. అత్తగారింటికీ పుట్టింటికీ కలిపి ఇదే కొలత. అక్కడ పెట్టే ముందు పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళు "దానికేముందమ్మా, పెట్టుకోండి" అంటారు. ఏ గదిలో, ఏ గోడ పక్కన అని అడిగితే అసలు జవాబు వస్తుంది.

3. ఏ గది ముందు, ఏది చివర

- 8వ వారం (ప్రయాణానికి ఎనిమిది వారాల ముందు, ఇక్కడినుంచి వెనక్కి లెక్క): కాగితాలు, జాబితా. కారు, బండి అమ్మకానికి పెట్టడం.
- 7, 6 వారాలు: అటక, బాల్కనీ, మంచం కింది పెట్టె, పుస్తకాలు, బట్టలు.
- 5, 4 వారాలు: సోఫా, డైనింగ్ టేబుల్, టీవీ, ఏసీ, అదనపు మంచం బేరాలు తేల్చడం.
- 3వ వారం: వంటింట్లో మూడొంతులు.
- 2వ వారం: పెట్టెలు ఒకసారి సర్ది తూచడం, గ్యాస్ సరెండర్.
- చివరి వారం: ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పరుపులు, పూజ గూడు.

అటకతో మొదలుపెట్టమనడానికి కారణముంది. అక్కడున్నవి ఏళ్ళుగా లేకుండానే బతికాం కాబట్టి నిర్ణయాలు చకచకా అయిపోతాయి. కూలర్, విరిగిన ట్రైసైకిల్, టీవీ వచ్చిన అట్టపెట్టె, ఇవన్నీ ఒక ఆదివారం పని.

చాలామంది ఆల్బమ్‌తో మొదలుపెడతారు. మధ్యాహ్నానికి పెళ్ళి ఫోటోలు చూస్తూ నేలమీద కూర్చునుంటారు, ఒక్క సంచి కూడా బయటికి వెళ్ళదు. ఫోటోలు, ఉత్తరాలు, పాప మొదటి గౌను ఒక డబ్బాలో వేసి టేపు అంటించండి. వాటి వంతు 4వ వారంలో వస్తుంది. అప్పటికి చెయ్యి అలవాటు పడుంటుంది.

4. కాగితాలు: అన్నిటికంటే ముందు విడిగా తీయండి

చిత్తుకాగితాల్లో కలిసిపోయి టెన్త్ మెమో పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అందుకే పాత సామాన్లవాడిని పిలవక ముందే ఈ పని అయిపోవాలి. చేతిసంచిలో వెళ్ళాల్సినవి:

☐ పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, పాత పాస్‌పోర్టులు
☐ టెన్త్ నుంచి చివరి డిగ్రీ వరకు ఒరిజినల్ మెమోలు, ఉద్యోగానుభవ పత్రాలు
☐ పెళ్ళి సర్టిఫికెట్, అందరి జనన ధ్రువపత్రాలు
☐ పాప టీకాల కార్డు, బడి టీసీ, మార్కుల పత్రాలు
☐ డ్రైవింగ్ లైసెన్స్, ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ (ఏడాది చెల్లుతుంది)
☐ మందుల చీటీలు, కళ్ళజోడు పవర్ చీటీ, పెద్ద చికిత్సల రిపోర్టులు

ఇంటి దస్తావేజులు, ఎల్‌ఐసీ బాండ్లు వెంట వద్దు. లాకర్‌లో ఉంచి స్కాన్ చేసుకోండి. ఆధార్‌కీ బ్యాంకుకీ ముడిపడిన ఫోన్ నంబరును మాత్రం రీచార్జ్ చేస్తూ బతికించుకోవాలి, ఓటీపీ లేకపోతే అక్కడినుంచి ఇక్కడి పని ఒక్కటీ కాదు. ఎన్నారై హోదా వచ్చాక సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్నారైలకి ఇక్కడుండే రూపాయి ఖాతా) మార్చుకోవాలని కూడా గుర్తుపెట్టుకోండి.

5. అమ్మకం: ఇప్పుడు బేరం, తర్వాత అప్పగింత

కారుతో మొదలుపెట్టండి, దాని కాగితాలకే ఎక్కువ సమయం పడుతుంది. లోన్ ఉంటే తీర్చి బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్‌సీలో లోన్ పేరు తీసేయడానికి ఫారం 35 తీసుకోవాలి. యాజమాన్యం మార్పుకి ఫారం 29, 30. "మీరు వెళ్ళండి సార్, నేను చూసుకుంటా" అన్నాడని సంతకాలు పెట్టేసి ఎగిరిపోవద్దు. ఆర్‌సీ మీ పేరు మీద ఉన్నంతకాలం చలాన్లు మీకే వస్తాయి, యాక్సిడెంట్ అయినా ముందు మిమ్మల్నే వెతుకుతారు. బండి ఇచ్చిన తేదీ, గంట రాసి ఇద్దరి సంతకాలతో ఒక చీటీ ఉంచుకోండి. ఫాస్టాగ్‌ను అదే రోజు మూసేయండి, లేకపోతే అతను టోల్‌గేటు దాటినప్పుడల్లా మీ డబ్బు పోతుంది.

ఇంటి సామానుకి మొదటి సంత మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపే. రవాణా గొడవ ఉండదు, మనిషి తెలిసినవాడు. ఏసీ, గీజర్, చిమ్నీ, కర్టెన్లకి ముందు ఇంటి ఓనర్‌ని అడగండి, ఆ తర్వాత రాబోయే అద్దెవాళ్ళని. విప్పి మళ్ళీ బిగించడంలో ఏసీ గ్యాస్ పోతుంది, గోడకి కన్నాలు మిగులుతాయి, అడ్వాన్స్‌లో కోత పడుతుంది. ఉన్నచోటే అమ్మగలిగితే కాస్త తక్కువకి ఇచ్చినా లాభమే. ఇన్వర్టర్ పాత బ్యాటరీని మాత్రం పాత సామాన్లవాడికి ఇవ్వొద్దు. బ్యాటరీ షాపువాళ్ళు అందులోని సీసానికి విలువ కట్టి తీసుకుంటారు.

ప్రకటనలో పెట్టాల్సినవి: పగటి వెలుతురులో తీసిన నాలుగు ఫోటోలు (గీత పడిన చోటుతో సహా), టేపుతో కొలిచిన పొడవు వెడల్పులు, కొన్న సంవత్సరం, ఏ అంతస్తు, లిఫ్టులో పడుతుందా లేదా, ఏ తేదీ తర్వాత తీసుకెళ్ళాలి. ఈ చివరిది రాయకపోవడం వల్లే ఫ్రిజ్ నెల ముందే వెళ్ళిపోయి రోజూ పాలప్యాకెట్ కోసం పక్కింటి తలుపు కొట్టాల్సి వస్తుంది. టోకెన్ అడ్వాన్స్ తీసుకుని, వస్తువు మీద అతని పేరు అంటించి, చెప్పిన తేదీ వరకు వాడుకోండి.

ధర గురించి ఒక మాట. కొన్నప్పటి బిల్లు చూసి ధర కట్టొద్దు. అదే మోడల్ పాతది ఇప్పుడు ఎంతకి అమ్ముతున్నారో చూసి, దానికి కొంచెం తక్కువ పెట్టండి. మీకున్నది ఎనిమిది వారాలే. కొనేవాడికి ఆ సంగతి తెలిస్తే చివరి వారం దాకా ఆగుతాడు, అందుకే ప్రయాణం తేదీ ప్రకటనలో రాయకండి.

మోసం సంగతి. "నేను ఆర్మీలో పనిచేస్తాను, చూడక్కర్లేదు, ఇప్పుడే డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అని ఫోన్ వస్తే కట్ చేయండి. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి పోబోతోందని అర్థం.

పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో ముందు గూగుల్, ఆపిల్ ఖాతాల నుంచి బయటికి వచ్చి, తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. వరస తప్పితే ఫోన్ మీ ఖాతాకే తాళం పడి కొన్నవాడికి పనికిరాదు.

6. వంటిల్లు

మన ఇళ్ళలో అసలు బరువంతా ఇక్కడే ఉంటుంది.

స్టీలు సామాను తీసి నేలమీద పరిస్తే పెళ్ళిలో, గృహప్రవేశంలో వచ్చినవి ఎన్నున్నాయో తెలుస్తుంది. ప్రతి గిన్నె అంచు మీదా ఇచ్చినవాళ్ళ పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటాయి. చెయ్యి ఆగేది అక్కడే. దగ్గరి మనుషులవి రెండు మూడు ఉంచుకోండి. మిగతా పేర్లకి ఒక ఫోటో తీసుకుని ఇచ్చెయ్యండి. పిన్ని పేరున్న పళ్ళెం మాత్రం పిన్ని తరచూ వెళ్ళే ఇంటికి ఇవ్వకండి.

ఇత్తడి, రాగి బిందెలు, కాగులు వాడేవాళ్ళుంటే చుట్టాలకివ్వండి. లేదంటే ఇత్తడి సామాన్ల దుకాణంలో తూకానికి తీసుకుంటారు. ఇత్తడి ధరా రాగి ధరా వేరు, రెండూ ఒకే సంచిలో తూయనివ్వకండి.

వెంట తీసుకెళ్ళదగ్గవి తక్కువే:

☐ ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కర్ ఒకటి, అదనపు గ్యాస్కెట్లు రెండు, విజిల్, సేఫ్టీ వాల్వ్ (అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు)
☐ ఇడ్లీ రేకులు, స్టాండు లేకుండా
☐ పోపుల డబ్బా, చిన్న ఇనుప గరిట, జంతికల గొట్టం
☐ అలవాటైన పెనం

కుక్కర్ లోపల బట్టలు కుక్కండి, ఖాళీగా పంపకండి. మిక్సీ అమెరికాకి కావాలంటే అక్కడి కరెంటుకి సరిపడే, 110 వోల్టులని రాసి ఉండే మోడల్ మన కంపెనీలే తయారు చేస్తాయి, అక్కడి ఇండియన్ స్టోర్లలోనూ ఉంటుంది. ఇంట్లో ఉన్నదాన్ని అమ్మేయండి.

సరుకులు నెల ముందునుంచే కొనడం తగ్గించండి. పప్పులు, బియ్యం చివర్లో కిలోలకొద్దీ మిగలడం మామూలే. పచ్చళ్ళ విషయంలో జాగ్రత్త. ఆవకాయ, గోంగూర అమెరికాకి పట్టుకెళ్ళొచ్చు, అక్కడి కస్టమ్స్‌లో చెప్పాలి. చికెన్, మటన్ పచ్చళ్ళు వద్దు. తాజా కరివేపాకు, పండ్లు, విత్తనాలు కూడా వద్దు. పాలతో చేసిన మిఠాయిలను ఆస్ట్రేలియా లోపలికి రానివ్వదు. ఎండుకొబ్బరి చిప్పలు ఎక్కడికి వెళ్ళినా పెట్టెలో పెట్టకండి. నూనె ఎక్కువ కాబట్టి తనంతట వేడెక్కి అంటుకునే సరుకుగా విమానాల్లో లెక్కిస్తారు.

గ్యాస్ కనెక్షన్ పక్కింటివాళ్ళకి వదిలేసి వెళ్ళడం మనవాళ్ళకి అలవాటు. అలా చేయకండి, కనెక్షన్ మీ పేరు మీదే ఉంటుంది. సిలిండర్లు, రెగ్యులేటర్, సబ్‌స్క్రిప్షన్ వోచర్ (కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన కాగితం) పట్టుకెళ్ళి ఏజెన్సీలో సరెండర్ చేస్తే డిపాజిట్ తిరిగిస్తారు, సరెండర్ చేసినట్టు టెర్మినేషన్ వోచర్ కూడా ఇస్తారు. దాన్ని దాచండి, తిరిగొచ్చాక కనెక్షన్ తీసుకోవడానికి పనికొస్తుంది. ఆ తర్వాత నాలుగు రోజులకి ఇండక్షన్ పొయ్యి చాలు, దాన్ని వెళ్ళేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయొచ్చు.

7. బట్టలు, పుస్తకాలు, బొమ్మలు

చీరలకి ఒక సులువు. గత రెండేళ్ళలో కట్టినవి ఒక వరస, కట్టనివి ఒక వరస. పట్టుచీరలు మూడు నాలుగు చాలు. మిగిలిన మంచి పట్టు ఊళ్ళో ఉంచే బీరువాలోకి వెళ్ళాలి, నూలుబట్టలో చుట్టి, జరీ మీద మడత పాతచోటే పడకుండా మార్చి. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. ఏడాదికొకసారి తీసి గాలికి ఆరబెట్టే మనిషి లేకపోతే అక్కాచెల్లెళ్ళకి ఇవ్వడమే మేలు, కట్టుకుంటారు.

పుస్తకాలు బరువులో ఇటుకలే. కోఠి, ఆబిడ్స్ పాత పుస్తకాలవాళ్ళు పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు తీసుకుంటారు. తెలుగు సాహిత్యం మాత్రం తూకానికి వేయకండి, దగ్గరి గ్రంథాలయానికి ముందు జాబితా పంపి కావాలంటేనే తీసుకెళ్ళండి.

పాప బొమ్మల్లో ఏవి రావాలో పాపే ఎంచుకోవాలి, ఒక చిన్న సంచికి పట్టినన్ని. ఆమె బడికెళ్ళినప్పుడు దొంగచాటుగా తీసేసిన కుందేలు గురించి అక్కడికి వెళ్ళాక ఏళ్ళతరబడి వింటారు.

ఇచ్చెయ్యడంలో మర్యాద ఉంది. పనమ్మాయిని, వాచ్‌మన్‌ని విడిగా పిలిచి ఏం కావాలో ముందే అడగండి. వాళ్ళ ఇంట్లో పట్టని మంచం అంటగట్టకండి. ఆటో ఖర్చు మీరే ఇవ్వండి. గేటెడ్ కమ్యూనిటీ అయితే గేట్‌పాస్ మీరే పెట్టాలి. లేకపోతే మీరిచ్చిన వస్తువుకి వాళ్ళు సెక్యూరిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. చిరిగినవి, పనిచేయనివి దానం కింద లెక్కరావు, వాటిని చెత్తలో వేయండి.

8. పూజ గూడు, పాత వస్తువులు, బంగారం

రోజూ దీపం పెట్టే చిన్న విగ్రహాలు వెంట తీసుకెళ్ళండి. పెద్ద పటాలు, ఏళ్ళుగా పోగుపడిన క్యాలెండర్ దేవుళ్ళు పేరుకుపోయి ఉంటాయి. గుడిలో పూజారిని అడగకుండా రావిచెట్టు కింద వదిలి రాకండి. ఫ్రేము విప్పితే అద్దం, చెక్క విడిగా వెళ్ళిపోతాయి. కర్పూరం, అగ్గిపెట్టెలు విమానంలో నిషేధం, పూజ సంచి మరోసారి వెతకండి.

తాతలనాటి వస్తువుల దగ్గర చట్టం ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన విగ్రహాలు, చిత్రాలు, కళాఖండాలు అనుమతి లేకుండా దేశం దాటకూడదు. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్ళే. తాళపత్రాలు, పాత పంచలోహ విగ్రహం ఉంటే ఇక్కడే ఉంచండి. కొత్తదే అయినా పాతదిలా కనిపించే వస్తువుకి అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఎర్రచందనం బొమ్మలు, నెమలి ఈకలు, ఏనుగు దంతంతో చేసినవి సామానులో పెట్టకండి. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకి ఆ భయం లేదు, తేలిక కూడా. ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళు మాత్రం చెక్క బొమ్మలని దిగగానే చెప్పాలి.

నగలు ఎక్కువగా తీసుకెళ్తుంటే వెళ్ళే రోజు విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు అవి ఇక్కడివేనని చూపించడానికి అదే ఆధారం. నగలు చేతిసంచిలో ఉండాలి, బిల్లులు లేదా విలువ కట్టిన కాగితం వెంట ఉండాలి, మామూలుగా వెళ్ళే సమయం కంటే ముందే వెళ్ళాలి. వాడని వెండి, నగలు లాకర్‌లో ఉంచి, లాకర్‌కి నామినీ ఉన్నారో లేదో చూసుకోండి.

9. చివరి పది రోజులు

☐ పెట్టెలన్నీ తూచి, ఒక్కోటి 22 కిలోల దగ్గర ఆపడం (ఇంటి త్రాసు, విమానాశ్రయం త్రాసు ఒకేలా చూపించవు)
☐ పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చేతిసంచిలోకి
☐ ప్రతి పెట్టెలో ముగ్గురి బట్టలూ కొంచెం కొంచెం (ఒకటి ఆలస్యమైతే ఒకరికే ఇబ్బంది రాకుండా)
☐ కరెంటు మీటర్ ఫోటో, బిల్లుల చెల్లింపు
☐ ఇంటర్నెట్ రూటర్ వెనక్కిచ్చి రసీదు
☐ ఖాళీ ఇంటి వీడియో, ఓనర్‌తో కలిసి, అడ్వాన్స్ లెక్క కోసం
☐ ఊళ్ళో ఉంచిన పెట్టెల జాబితా ఒక కాపీ మూత లోపల అంటించి, ఒకటి పెద్దవాళ్ళ ఫోన్‌కి

చివరి రోజు ఎంత జాగ్రత్త పడ్డా ఒక బకెట్, చీపురు, సగం వాడిన సర్ఫ్, రెండు దిండ్లు, బట్టలారేసే తాడు మిగులుతాయి. వాటికి ఒక మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి. తాళాలు ఇచ్చే గంటకి ఆ మనిషి గుమ్మం దగ్గర ఉంటే, అవి కారు డిక్కీలో అమ్మావాళ్ళింటికి వెళ్ళవు.